ఇంటికి లైనింగ్

పొద్దున్నే టీ పొయ్యి మీద పెట్టి, అది మరిగేలోపు కత్తెరకు నూనె రాసుకోవడం యూనిఫాం పిన్నికి అలవాటు. బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టే మనిషి కాబట్టి వీధి వీధంతా, ఆమెకన్నా పెద్దవాళ్ళతో సహా, ఆ పేరుతోనే పిలుస్తుంది. టీ దించే వేళకు కూరగాయల బండి గుమ్మం ముందు ఆగుతుంది. బండి అతను బెండకాయలు తూచి ఇచ్చాక, తక్కెడ పక్కనుంచి ఇంకోటి తీసి ఆమె చేతిలో పెడతాడు.

“నిన్న సాయంత్రంది పిన్నీ. మలుపు దగ్గర పడి ఉంది. ఎవరూ తొక్కకముందే తీశాను.”

పిన్ని అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటుంది. “ఏమండీ, పైగదికి ఇంకో ఫ్యాను పెట్టించండి,” అంటుంది ఆ మాట, ఆమె గొంతుతోనే. దాన్ని తీసుకెళ్ళి ఉప్పు డబ్బా పక్కన పెడుతుంది. మధ్యాహ్నానికి అది మళ్ళీ వెళ్ళిపోతుంది.

ఇల్లు పాతది. కిటికీ రెక్కలు వంకర్లు పోయాయి. తలుపుల కింద పిల్లి దూరేంత సందు. వంటింటి గోడలో, ఎప్పుడో తీసేసిన గొట్టం తాలూకు బొక్క వీధిలోకి తెరుచుకుని ఉంది. ఇంట్లో ఉన్న కాస్త చల్లదనం ఆ దారినే పోతుంది, దానితోపాటు వంటింట్లో అన్న మాటా పోతుంది. గాలి హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వీధిలోకి వీస్తుంది. అందుకని హాల్లో అన్నవన్నీ పిన్నికి వినబడతాయి. పిన్ని అన్నది మాత్రం హాలుకు చేరదు.

హాలు సంగతి వేరు. అది బావగారిది. పిన్ని భర్తకు అన్నగారు, ఉద్యోగంలోంచి దిగినా అధికారంలోంచి దిగని మనిషి. ఆయన కుర్చీలో కూర్చుంటే సభ మొదలైనట్టే ఉంటుందని వీధివాళ్ళు ‘అధ్యక్షులవారు’ అని పేరు పెట్టారు. ఏసీ కొన్న ఏడాది ఆ హాలు కిటికీలకు మాత్రం రబ్బరు అంచులు వేయించి, సందులు పూడ్పించారు. ఏసీ నడుస్తుండగా కిటికీ తీయకూడదని ఆయనే రూలు పెట్టారు. పొద్దున్నించి పొద్దు గూకేదాకా ఒక్క మనిషి ఒక్క పేపరు చదవడానికి ఆ యంత్రం నడుస్తుంది. పనిచేసే మనిషేమో మేడ మీద పడమటి గదిలో, నెత్తిన కాలిన పైకప్పు, పక్కన ఇస్త్రీ పెట్టె పెట్టుకుని కూర్చుంటుంది. ఇందులో అన్యాయం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచిన ఒక్క మనిషి మాట వీధిలో పడి ఉండేది.

ఒక సాయంత్రం పిన్ని గిన్నెలు కడుగుతుంటే హాల్లో సభ జరిగింది.

“కరెంటు బిల్లు చూశావా తమ్ముడూ?”

“చూశానన్నయ్యా.”

“ఏసీని ఏమనకు. అది లేకపోతే ఈ ఇంట్లో మనుషులు బతకలేరు. అసలు ఖర్చంతా పైన. రోజంతా ఆ కుట్టుమిషను, ఇస్త్రీ, ఫ్యాను. ఆ గది మూసేద్దాం. మిషను పాత సామాన్లతనికి ఇచ్చేద్దాం, నెలాఖరుకు రమ్మన్నాను. మరమ్మతుకని దాచిన డబ్బుతో ముందు గోడకు రంగు కొట్టించి, హాల్లోకి ఇంకాస్త పెద్ద ఏసీ తీసుకుందాం.”

“సరే అన్నయ్యా.”

పిన్ని చేతిలో గిన్నె ఆగిపోయింది. మనుషులు బతకలేరట. ఆ లెక్కలో మనుషులంటే ఆయన ఒక్కరే. పైన పడమటి గదిలో ఇన్నేళ్ళుగా బతుకుతున్నది మరి ఏ జంతువో. మరమ్మతు డబ్బులో సగానికి పైగా ఆ మిషను సూది కిందనుంచి వచ్చిందే. ఆ డబ్బుతో ముందు గోడకు రంగు! పైన పటారం, లోన లొటారం అని ఊరికే అన్నారా.

“ఆ గది మూయకండి. ఇంటి సందులు మూయండి. నా మిషను నేను ఇవ్వను,” అంది పిన్ని, గట్టిగానే.

మర్నాడు బండి అతను ఆ మాటను రెండు చేతులతో పట్టుకొచ్చాడు. దాని మీద టైరు గుర్తు ఉంది.

“రాత్రి లారీ ఏదో వెళ్ళినట్టుంది పిన్నీ,” అన్నాడు నొచ్చుకుంటూ.

టైరు గుర్తు చూడగానే పిన్నికి ఒళ్ళు మండింది. ఈసారి మాటను ఉప్పు డబ్బా పక్కన పెట్టలేదు. మెడలో వేలాడే కొలతల టేపు తీసి, వంటింటి కిటికీని నిలువూ అడ్డం కొలిచింది.

మనిషికి కుట్టినట్టే ఇంటికీ కుట్టాలని ఆమె లెక్క. బట్ట మంచిదే అయినా లైనింగ్ లేకపోతే ఒంటికి ఆనదు. ముందు ఒక దారప్పోగు తీసుకుని కిటికీల అంచులవెంట, తలుపుల కింద, గోడల మూలల్లో పట్టుకుంటూ తిరిగింది. దారం కదిలిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసింది. సాయంత్రానికి ఇల్లంతా గీతలే.

భర్త ఆఫీసునుంచి వచ్చి వంటింటి గోడ మీది గీతలు చూశాడు. “ఏం చేస్తున్నావ్?”

“ఇంటికి లైనింగ్ వేస్తున్నాను. పైగది మూయకుండా ఉండటానికి,” అంది. ఆ మాట గొట్టం బొక్కలోంచి బయటికి పోయింది. ఆయన తల ఊపి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. మంచివాడే. మంచితనం వల్ల పక్కవాళ్ళకు పైసా ఉపయోగం లేని రకం మంచివాడు.

పిన్ని దగ్గర డబ్బు లేదు గానీ గుడ్డముక్కలకు కొదవలేదు. నీలం, బూడిద, ఖాకీ, గోనెసంచుల నిండా ఉన్నాయి. వాటిని పట్టీలుగా కత్తిరించి, రెండు మడతలు వేసి కుట్టి, కిటికీ రెక్కలు ఆనే చోట చిన్న మేకులతో బిగించింది. పొడుగు సంచులు కుట్టి, ఇసుకా పీలికలూ కూరి తలుపుల కింద పడుకోబెట్టింది. గోడ పగుళ్ళలో సున్నం, దారపు పీచు కలిపిన ముద్ద కూరింది. మేడ ఎక్కి, పైకప్పుకు జిగురు కలిపిన తెల్ల సున్నం పట్టించింది. మోచేతుల దాకా చర్మం ఊడింది. అన్నదమ్ములిద్దరిలో ఎవరూ నిచ్చెన కూడా పట్టుకోలేదు.

పైగది కిటికీకి మాత్రం మొదట తప్పు చేసింది. లోపల పీలికలు పెట్టి మందపాటి పరదా కుట్టి, గదిలోపల వేలాడదీసింది. అద్దం దాటి వచ్చిన ఎండ పరదా వెనక చిక్కుకుని గది ఇంకా ఉడికిపోయింది. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్నట్టు, మేకులన్నీ ఊడదీసి పరదాను కిటికీ బయట కట్టింది. ఎండను ఇంట్లోకి రానిచ్చి ఆపడం కాదు, గడప బయటే ఆపాలి. ఆ సాయంత్రం గది మొదటిసారి చల్లబడింది. ఆమె నేలమీద వెల్లకిలా పడుకుని, ఒక్కతే నవ్వుకుంది.

చల్లదనం బయటికి పోక, కింద హాల్లో ఏసీ మధ్యమధ్య దానంతట అదే ఆగడం మొదలుపెట్టింది.

“మంచి కంపెనీది తమ్ముడూ. వాడకం ఎప్పుడు తగ్గించాలో దానికే తెలుసు,” అన్నారు బావగారు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. పిన్నిని చూసి, “ఇంటికి గౌను కుడుతున్నావా అమ్మాయ్?” అని కూడా అడిగారు. ఆమె ఇంకో పట్టీ కత్తిరించుకుంది. గొట్టం బొక్క ఇంకా మిగిలే ఉంది.

నెలాఖరు వచ్చింది. పాత సామాన్లతను ఇద్దరు మనుషులతో వచ్చి పైకి వెళ్ళాడు. మెట్ల మీద మిషను కాళ్ళు గీసుకునే చప్పుడు పిన్ని వంటింట్లోంచి వింది. ఆమె అప్పుడు స్టూలెక్కి, మూడు పొరల గుడ్డతో కుట్టిన బిళ్ళను గొట్టం బొక్క మీద పెట్టి మేకులు కొడుతోంది. ఒక మేకు వంకర పోయింది. దాన్ని లాగి ఇంకోటి కొట్టింది. దారప్పోగు పట్టుకుని చూసింది. దారం కదల్లేదు.

స్టూలు దిగి, గొంతు పెంచకుండా అంది. “నా మిషను కింద పెట్టండి.”

మాట వంటింటి గోడకు తగిలింది. దారి దొరక్క వెనక్కి తిరిగి, నడవా దాటి, హాల్లోకి వచ్చింది. మిషను మోస్తున్నవాళ్ళు హాలు మధ్యలో టక్కున దాన్ని దించేశారు. మాట ఆగలేదు. గది చుట్టూ తిరిగి మళ్ళీ అంది. “నా మిషను కింద పెట్టండి.”

బావగారు పేపరు దించారు. “ఏమిటమ్మాయ్ ఇది? అంతా అనుకున్నదే కదా.”

“మీరు అనుకున్నారు బావగారూ. నేను ఒద్దన్నాను.”

ఆమె భర్త నిజంగా ఆశ్చర్యపోయాడు. “నువ్వు ఎప్పుడూ చెప్పలేదే,” అన్నాడు.

లోకంలో ఉన్న మొగుళ్ళందరూ అనే మాటే. పిన్ని నోరు తెరిచేలోపే వీధి తలుపు తోసుకుని ఎదురింటి మామ్మ వచ్చింది. చంకలో పాత బిస్కెట్ల డబ్బా ఉంది.

“మా మెట్ల మీదనుంచి చూశా అమ్మాయ్, మీ గోడ బొక్క మూసేశావు. ఇల్లు బాగైందనుకున్నా,” అంది మామ్మ రొప్పుతూ. “బండి అబ్బాయికి దొరికిన మాటలు వాడు ఇచ్చేవాడు. మా మెట్ల మీద పడ్డవి నేను దాచాను. చిల్లుల ఇంటికి తిరిగిస్తే నిలుస్తాయా? ఇవిగో, నీవే.”

తను వచ్చిన వీధి తలుపు మూసి మరీ డబ్బా మూత తీసింది.

హాలంతా పిన్ని గొంతే. ఇంకో ఫ్యాను పెట్టించండి. పైకప్పు కాలిపోతోంది, సున్నమైనా వేయిద్దాం. కళ్ళు తిరుగుతున్నాయండీ. ఒక్క గంట నేనూ హాల్లో కూర్చుని కుట్టుకోనా. ఒక్కొక్కటీ వచ్చి, అన్నదమ్ముల ముందు నిలబడి, చెప్పాల్సింది చెప్పి, పోవడానికి దారిలేక గోడల పక్కన ఆగింది. బావగారు లేచి కిటికీ గడియ మీద చెయ్యి వేశారు.

“ఏసీ వేసి ఉంది బావగారూ,” అంది పిన్ని.

ఆయన చెయ్యి తీశారు.

డబ్బా అడుగునుంచి చివరిది వచ్చింది. చాలా లేత గొంతు. “ఏమండీ, మేడ మీద గది బాగా వేడిగా ఉంది, ఊపిరాడటం లేదు. వేరే గది ఏమైనా ఉందేమో చూస్తారా?” చివర ఒక చిన్న నవ్వు, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల అడగకూడనిది అడిగానేమోనని కలిపే నవ్వు. ఆ నవ్వును పిన్ని భర్త గుర్తుపట్టాడు. దాన్ని విని ఎన్నేళ్ళయిందో కూడా అతనికి గుర్తొచ్చింది కాబోలు, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

పాత సామాన్లతను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “ఇన్నిసార్లు ఒద్దన్నాక నేను కొనలేను బాబూ. మీ మిషను మీ దగ్గరే ఉండనీండి,” అని తన మనుషులను తీసుకుని వెళ్ళిపోయాడు.

మిషను హాలు మధ్యలో మిగిలింది. పిన్ని వెళ్ళి దాన్ని వెలుతురు పడే కిటికీ దగ్గరికి తోయబోయింది. భర్త లేచి రెండోవైపు పట్టుకున్నాడు. అది మళ్ళీ పైకి వెళ్ళలేదు. పెద్ద ఏసీ రాలేదు, ముందు గోడకు రంగూ పడలేదు. మరమ్మతు డబ్బు పైకప్పుకూ వంకర పోయిన కిటికీలకూ సరిపోయింది. ఆ పనంతా భర్తే దగ్గరుండి చేయించాడు, ఈసారి నిచ్చెన కూడా పట్టుకున్నాడు. మిషను చప్పుడు పడదని బావగారు పేపరు తీసుకుని పైగదికి మారారు. అక్కడ చల్లగా ఉందని ఇంతవరకూ ఒప్పుకోలేదు. దిగి మాత్రం రావడం లేదు.

ఇప్పుడా ఇంట్లో అన్న మాట అంటే ఇంట్లోనే ఉంటుంది. అందుకని అందరూ చూసుకుని మాట్లాడుతున్నారు. కాకపోతే కోపంలో అన్న ప్రతి విసురుమాటా కలకాలం ఇంట్లో తిరిగినా కష్టమేనని, పిన్ని గొట్టం బొక్క మీది బిళ్ళకు ఒక కాజా తీసి, నీలం గుండీ కుట్టింది. గుండీ ఎప్పుడు తీయాలో, దేన్ని పోనివ్వాలో ఆమె ఇష్టం.

మొన్నొక రోజు భోజనం ఆలస్యమైందని భర్త నోరు జారాడు. పొద్దున అన్న మాట సాయంత్రమైనా ఆయన వెంటే తిరిగింది, స్నానాల గదిలోకి కూడా వచ్చింది. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి, “ఆ గుండీ ఒక్కసారి తీస్తావా?” అని అడిగాడు.

పిన్ని చొక్కా చేతికి అంచు మడుస్తోంది. తల ఎత్తలేదు.

“ఉండనివ్వండి,” అంది. “కొన్నాళ్ళు మీరూ వినండి.”