నా ఇష్టంతోనే వెళ్తున్నా

ఇస్త్రీ రోలరు మీంచి దుప్పటి జారేలోపు అంచు దొరకబుచ్చుకోవాలి. కుడిచెయ్యి మూసుకోదు కాబట్టి ఆమె ఎడమచేత్తో పట్టి, మోచేత్తో నొక్కిపెట్టి లాగుతోంది. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. అయినా మధ్యాహ్నం దాకా పని చెయ్యాల్సిందే, లేకపోతే పూట జీతం కోత. హోటలు గదుల్లో ఎవరెవరో పొర్లి పోయిన దుప్పట్లు ఆవిరి కక్కుతూ వస్తూనే ఉన్నాయి.

ఈ పరాయి దేశపు లాండ్రీలో తొమ్మిదేళ్లుగా అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. కిందటేడు ఇదే రోలరు ఆమె చేతిని లోపలికి లాక్కుంది. కాలిన చర్మం మానింది గానీ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. కంపెనీ కొన్నాళ్లు చూసింది. ఒంటిచేత్తో సగం దుప్పట్లే అవుతున్నాయని తేలాక, ఇక ఇంటికి పొమ్మని మేస్త్రీ చేత కబురంపింది.

మేస్త్రీది ఈ పనివాళ్ల భాషే. అందుకే అందరూ బాబాయ్ అంటారు. ఆయనా నోరు తెరిస్తే "అమ్మా, తల్లీ" తప్ప అనడు. తడిగుడ్డతో గొంతు కోయడం చూడాలంటే ఈయన్ని చూస్తే చాలు. ఇప్పుడూ వచ్చి రోలరు పక్కన నిలబడ్డాడు.

"తల్లీ, భోజనాల వేళకి క్యాంటీన్‌కి వచ్చెయ్. కేకు తెప్పించా, శాలువా కూడా కప్పుతాం. వీడియో తీసి ఆఫీసుకి పంపాలి. రెండు ముక్కలు చెప్పు చాలు."

"ఏం చెప్పాలి బాబాయ్?"

"అందరూ చెప్పేదే. నా ఇష్టంతోనే మానేసి వెళ్తున్నా, రావాల్సిందంతా ముట్టింది, అను. తీసేశారంటే నీకే నామోషీ. ఆడదాన్ని పనిలోంచి తీసేశారంటే మనవాళ్లు ఊరుకుంటారా? ఏం చేసిందో, ఎక్కడ పట్టుబడిందో అంటారు. కూతురులాంటిదానివని చెప్తున్నా."

ఆ లాండ్రీలో అది ఆనవాయితీ. నడుం పడిపోయినవాడూ, బట్టలుతికే మందుల వాసనకి ఊపిరాడని జబ్బు పట్టినామే, అందరూ ఆ కేకు ముందు నిలబడి ఇష్టంతోనే వెళ్తున్నామని నవ్వుతూ చెప్పారు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. పని పోయిందంటే జాలిపడేవాళ్లు తక్కువ, ఆరా తీసేవాళ్లు ఎక్కువ. ఆ భయం వీళ్లందరికీ ఉంది. కంపెనీ దాన్నే సొమ్ము చేసుకుంటోంది.

మేస్త్రీ అటు వెళ్లగానే, దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి దగ్గరికి జరిగింది. ఇద్దరిదీ ఒకే గది. అక్కా అని పిలిచినందుకు ఈమె పనులన్నీ నెత్తినేసుకునే పిల్ల.

"అక్కా, కార్మిక శాఖకి ఫోన్ చేశా. కంపెనీ తీసేస్తే సర్వీసు డబ్బు మొత్తం ఇవ్వాలంట. మనంతట మనం మానేస్తే మూడో వంతేనంట. నీకు మన రూపాయల్లో మూడు లక్షలు రావాలి. ఆ మాట అన్నావో, లక్ష చేతిలో పెట్టి పంపేస్తారు."

"మరి బాబాయ్ ఒక్కనాడూ చెప్పలేదే?"

"ఎందుకు చెప్తాడు? మనకి ఎగ్గొట్టిన దాంట్లో ఆయనకీ వాటా ఉందంట. కేకు ఊరికే తెప్పిస్తాడా?"

ఆమె మొదటి మూడేళ్ల జీతం, ఇక్కడికి పంపిన ఏజెంటు అప్పుకే పోయింది. తరవాత పంపిన దాంతో ఇంటి దగ్గర గోడలు లేచి, స్లాబు దగ్గర ఆగిపోయాయి. అత్తా, తన కొడుకూ టార్పాలిన్ కిందే పడుకుంటున్నారు. స్లాబుకి రెండున్నర లక్షలవుతుందని తాపీమేస్త్రీ చెప్పి చాలా కాలమైంది.

బాత్రూములోకి వెళ్లి ఊళ్లో ఉన్న భర్తకి ఫోన్ చేసింది.

"తీసేశారని మాత్రం అనకే. మా అన్నయ్యకి తెలిస్తే నా మొహం మీదే నవ్వుతాడు. లక్షయితే లక్ష, పరువుగా వచ్చెయ్" అన్నాడు.

"మరి స్లాబో?"

"చూద్దాంలే."

నాలుగు వానాకాలాలుగా ఆయన చూద్దాంలే అంటూనే ఉన్నాడు. గోడలు తడుస్తూనే ఉన్నాయి. ఆమె ఫోన్ పెట్టేసి మొహం కడుక్కుంది.

క్యాంటీన్‌లో మేనేజరు కూర్చోకుండా నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. ఆయనకి వీళ్ల భాష రాదు. మేస్త్రీ శాలువా విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. కప్పగానే ఆమె గుర్తుపట్టింది. అది శాలువా కాదు, హోటలు మంచాల మీద కాళ్ల దగ్గర పరిచే గుడ్డ. ఒక మూల పసుపుపచ్చ మరక ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోకపోతే, మడత లోపలికి తోసి ఇస్త్రీ చేసింది తనే. ఎవరెవరి కంపో తొమ్మిదేళ్లు వదిలించినందుకు ఆ కంపే తిరిగి తనకి కప్పారు.

మేస్త్రీ కేకు ముక్క తీసి, వేళ్లతోనే ఆమె నోట్లో కుక్కాడు. ఉంగరం పళ్లకి తగిలింది.

"ఊఁ, చెప్పు తల్లీ" అంటూ ఫోన్ ఎత్తాడు.

ఆమె కేకుని ఆ గుడ్డలోకే ఉమ్మేసింది. గుడ్డని ఉండచుట్టి బల్ల మీద పడేసింది.

"నన్ను తీసేశారు."

చప్పట్లకి లేచిన చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

"తడబడ్డావమ్మా. మళ్లీ తీద్దాం" అన్నాడు మేస్త్రీ, నవ్వు చెదరనివ్వకుండా.

"తడబడలేదు బాబాయ్. మీ మిషన్లోనే చెయ్యి పోయింది. పనికిరానని మీరే పొమ్మన్నారు. నా ఇష్టంతో పోవట్లేదు. నా డబ్బు మొత్తం రావాలి."

ఆ మాటలు ఎలాగూ ఇంటిదాకా పోతాయని, బావగారు నవ్వుతాడని ఆమెకి తెలుసు.

మేనేజరు వాచీ మీంచి తలెత్తి, ఏమంటోందని అడిగాడు.

"కంపెనీ చల్లగా ఉండాలంటోంది సార్, కళ్లనీళ్లు పెట్టుకుంటోంది పాపం" అని మేస్త్రీ ఆ దేశపు భాషలో చెప్పాడు.

"కాదు సార్" అంది మడతలమ్మాయి వెనకనుంచి, వచ్చీరాని అదే భాషలో. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, అక్క పక్కన నిలబడి, మాటలు వెతుక్కుంటూ, ఆమె అన్నది అన్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.