మూడో చిక్కుడు గింజ

శనివారం పొద్దున ఏడింటికి మొయినాబాద్ బస్టాండ్ పక్కన కూరగాయల బుట్టలతో జానీ ఆటో ఆగేది. అప్పటికే ఓ పది పన్నెండు మంది సంచులతో నిలబడి ఉండేవాళ్లు. అందరూ విమలమ్మ తోటలో వాటా తీసుకున్నవాళ్లే. మార్కెట్లో టమాటా ధరను కాసేపు తిట్టుకుని, తమకు ఆ బాధ లేదన్న గర్వాన్ని పైకి కనపడనీయకుండా, ఎవరి బుట్ట వాళ్లు తీసుకుని పోయేవాళ్లు.

పద్ధతి తేలికైనదే. చేవెళ్ల రోడ్డు మీద క్యారెట్ చేలు దాటాక విమలమ్మకు మూడెకరాల తోట ఉంది. విత్తనం పడకముందే ఏడాది డబ్బు కట్టి ఒక సాలు, అంటే ఒక వరస, తీసుకోవాలి. ఆ సాలులో ఏది కాస్తే అది వారం వారం ఇంటికొస్తుంది. మధ్యలో దళారీ లేడు కాబట్టి చవక. నిండు సాలు నలుగురికి, సగం సాలు ఇద్దరికి. చేరిన రోజు ఇంట్లో ఎంతమంది తింటారో నోటితో చెప్పి, మనిషికొక చిక్కుడు గింజ సాలు మొదట్లో నాటాలి. ఇంటివాళ్లే నాటాలి, కూలీలు నాటితే మొలవదు.

సాలు ఆ గింజల్ని చూసుకునే కాసేది. చుట్టాలొచ్చే వారం బుట్ట బరువుగా వచ్చేది. ఇంట్లో ఒకరు తగ్గే వారం తేలికగా వచ్చేది. అలాంటి బుట్టను జానీ కళ్లెత్తకుండా అందించేవాడు. తీసుకున్నవాళ్లు కూడా ఏమీ అడగకుండా ఇంటికి నడిచేవాళ్లు.

సమత వాళ్లు మృగశిర కార్తెలో చేరారు. ఆమెకు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఉద్యోగం. భర్త బాల్‌రాజ్ జన్వాడ ఫామ్‌హౌసుల్లో కరెంటు పని చేస్తాడు. ఇద్దరూ కష్టపడేవాళ్లే, అయినా నిండు సాలు వాళ్ల తాహతుకు కొంచెం పైన ఉంది. ఆ రోజు అత్త ముత్తమ్మను కూడా వెంటబెట్టుకుని తోటకు వెళ్లారు.

"ఎంతమంది తింటరు బిడ్డా?" అని అడిగింది విమలమ్మ, గుప్పిట్లో గింజలు పట్టుకుని.

సమత భర్త వైపు చూసింది. భర్త క్యారెట్ చేల వైపు చూశాడు. ఆ ఇరుకులోంచి వాళ్లిద్దరినీ ముత్తమ్మే తప్పించింది.

"ఇద్దరే అనుకో విమలమ్మా. నాదేమున్నది, పిడికెడు మెతుకులు. నన్ను లెక్కవెట్టకు."

ముత్తమ్మ ఈ మాట కొత్తగా అన్నది కాదు. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోమన్నా, పండక్కి చీర కొందామన్నా, ఆటోలో చోటు చాలకపోయినా ఆమె నోట ఇదే మాట. మన ఇళ్లల్లో ఈ మాట అనని ముసలామె ఎవరున్నారు గనక. అది ఆమె మర్యాద, అంతే.

"నోటితోటి చెప్పింది సాలు ఇంటది అక్కా," అంది విమలమ్మ.

"ఇననీ," అని నవ్వింది ముత్తమ్మ.

ఎడమ పక్కన సమత తన గింజ నాటింది, కుడి పక్కన బాల్‌రాజ్ తనది నాటాడు. సమత ప్రాణం తేలికపడింది. అలా తేలికపడినందుకు ఆమె తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

వంకాయలు లేతగా వచ్చేవి, పాలకూర ఆకు అరచేయంత ఉండేది. ఇంట్లో ఎవరికీ ఏ కొరతా లేదు. బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లు సద్దులు పంచుతూ వీళ్లింటికి రెండు పొట్లాలిచ్చారు. దవాఖానలో బీపీ చూసే పిల్ల ముత్తమ్మ టోకెన్ దాటేసి తర్వాతి నంబరు పిలిచింది. ఒకరోజు జానీ ఆటో నిండినా కదల్చలేదు, ఇంకొకరు రావాలన్నాడు. చివరికి ఒక లావుపాటి ఆయన ఎక్కి ముత్తమ్మ ఒళ్లో కూర్చున్నాడు. ముత్తమ్మ చేవెళ్ల దాకా అలాగే ఊపిరి బిగబట్టుకుని ఉంది.

చలికాలం వచ్చేసరికి బాల్‌రాజ్ రెండు గ్లాసుల్లోనే ఛాయ్ పోస్తున్నాడు. తల్లి పక్కనే కూర్చుని ఉండేది. పోయలేదేమని ఆమె అడగలేదు, పోయలేదని అతనికి తోచలేదు. సమత తన గ్లాసులోంచి సగం వంచి ఇచ్చేది. కానీ ఎంత పెట్టినా ముత్తమ్మ గాజులు మోచేతి దాకా జారుతూనే ఉన్నాయి.

"తింటలేవా అత్తమ్మా?"

"తింటున్న బిడ్డా. కడుపుల నిలుస్తలేదు, అంతే."

ఒక ఆదివారం సమత ఇల్లు తుడిచింది. తడి నేల మీదుగా ముత్తమ్మ వంటింట్లోకి నడిచి వెళ్లింది. నేల మీద ఒక్క అడుగు జాడ కూడా పడలేదు. సమత తడిగుడ్డ పట్టుకుని చాలాసేపు ఆ నేలనే చూస్తూ నిలబడింది.

అయినా ఆమెను నిజంగా భయపెట్టింది అది కాదు. రెండు రోజుల తర్వాత, దీపాలు పెట్టే వేళ, ఖాళీ గదిలో లైటెందుకని స్విచ్ ఆపింది. చీకట్లోంచి గాజులు కదిలిన చప్పుడు వినిపించింది. ముత్తమ్మ మంచం మీదే ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నాకు చీకట్ల మంచిగనే కనవడ్తది."

లైటు వేసి సమత ఏడ్చింది. ఇన్నాళ్లూ మిగతావాళ్లే ఆమెను మరిచిపోతున్నారనుకుంది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి బస్సెక్కి తోటకు వెళ్లింది. విమలమ్మ మెంతికూర కోస్తోంది.

"మేం ముగ్గురం అవ్వా. అబద్ధం చెప్పిన. ఇంకో గింజ నాటుత."

"ఎరుకే బిడ్డా. సగం సాలు ఇద్దర్నే మోస్తది. నిండు సాళ్లన్ని అయిపోయినయ్. మల్ల మృగశిరకే, ఐదు నెలలున్నది."

"అంతదాక ఆమె ఉంటదా?"

విమలమ్మ కొడవలి కింద పెట్టింది. "ఆమె కోసం దినాం ప్రార్థన చేస్తున్న. మొన్నటిసంది పేరు మతికొస్తలేదు."

సమత తమ సాలు మొదటికి నడిచింది. రెండు తీగలూ పందిరి ఎక్కి ఊదా రంగు పూలు పూశాయి. ఎడమది తనది. ఆమెకు చాలా భయమేసింది. పారిపోవాలనిపించింది, ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. ఐదు నెలలే కదా, నేను వయసులో ఉన్నాను, ఆగగలను, అని తనకు తాను చెప్పుకుంది. విమలమ్మను ఒక గింజ అడిగి తీసుకుని కుడిచేతిలో దాచుకుని, ఎడమచేత్తో తన తీగను పట్టి లాగింది. వేళ్లు ఏమాత్రం పెనుగులాడకుండా ఊడి వచ్చాయి. ఆ గుంతలోనే కొత్త గింజ పెట్టి, నోటితో ముత్తమ్మ పేరు చెప్పి, మట్టి కప్పింది.

లేచి చూసేసరికి విమలమ్మ పందిరి దగ్గరికి వచ్చి నిలబడింది. పీకి పడేసిన తీగను చూసింది, కదిలిన మట్టిని చూసింది. మేకలేమైనా చొరబడ్డాయా అని గేటు వైపు చూసి, మళ్లీ మెంతికూర దగ్గరికి వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో కండక్టరు ఆడవాళ్లందరి ఆధార్ కార్డులు చూసి ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టాడు. సమత తన కార్డు చాపి పట్టుకునే ఉంది. అతను ఆమె పక్క సీటుకిచ్చి వెనక సీటుకు పోయాడు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. ముత్తమ్మ అప్పుడే తలకు పోసుకుని వచ్చినట్టుంది. స్నానాల గది నుంచి వంటింటి దాకా తడి అడుగులు స్పష్టంగా ఉన్నాయి, ఐదు వేళ్లతో సహా. పనినుంచి అన్నానికి వచ్చిన బాల్‌రాజ్ రెండు పళ్లేలు పెట్టుకుని, "రాయే అమ్మా, ఆకలైతలేదా?" అంటున్నాడు. గుమ్మంలో నిలబడ్డ సమత మీదుగా అతని చూపు వీధిలోకి వెళ్లింది. తలుపు తెరిచి ఉందేమని వచ్చి, ఆమె ముఖం మీదే మూసేయబోయాడు.

"ఉండనీ," అంది ముత్తమ్మ.

లెక్కలో లేని చోటు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ చోటు వైపు తిరిగి, కోడలి గోళ్లలో ఉన్న మట్టిని చూసింది. లోపలికి వెళ్లి మూడో పళ్లెం కడుక్కుని వచ్చి, పీట పక్కన పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తి లెక్కపెట్టింది.

"ఒకటి. రెండు. మూడు."

బాల్‌రాజ్ మూడో పళ్లెం వైపు చూశాడు. "ఇంకెవరన్న వస్తున్నరా అమ్మా?"

"వచ్చిందిరా," అంది ముత్తమ్మ. "నువ్వు కొంచెం అటు జరుగు."