రోడ్డుకి వీపు పెట్టిన కాలనీ

ఆ కాలనీలో ఇల్లు కొనడానికి ఎవరొచ్చినా ముందు కండక్టరు గారి వంటింట్లో కూర్చుని కాలనీ చరిత్ర వినాల్సిందే. ఆ తర్వాతే ఇల్లు చూపిస్తారు. ఎవరు పెట్టిన నియమమో గాని, బస్సులో జీవితమంతా అరిచి రిటైరైన మనిషి నోరు ఊరుకోక ఆ పని నెత్తినేసుకున్నాడు.

చరిత్ర పెద్దదేం కాదు. ఊరి చివర బీడులో స్థలాలు కొన్నవాళ్లు ఒక పొద్దున తూర్పు వైపు ఎర్రగుడ్డలు కట్టిన మేకులు చూశారు. రోడ్డు అటే వస్తుందని తేల్చేశారు. ఒక్కరైనా ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. పోటీలు పడి వీధిగుమ్మాలన్నీ అటే పెట్టారు. తీరా చూస్తే అవి నీళ్ల గొట్టాల కోసం పాతిన మేకులు. రోడ్డేమో పడమట, వంటిళ్ల వైపు పడింది. వీధిగుమ్మాలు తుప్పల్లోకి తెరుచుకున్నాయి. అప్పట్నించీ చుట్టాలు, పోస్టుమాను అందరూ వంటింట్లోంచే వస్తారు. ఒకసారి దొంగ కూడా అలాగే వచ్చి, గిన్నెలు తన్నుకుని దొరికిపోయాడు.

దీన్ని ఆయన ఎంత రసవత్తరంగా చెప్పేవాడంటే, వినేవాళ్లు కడుపుబ్బ నవ్వి, టీ తాగి, వెళ్లి ఇంకో కాలనీలో ఇల్లు కొనుక్కునేవారు. పక్కింటి కోసం వచ్చినవాళ్లు ఇప్పటికి రెండుసార్లు అలాగే జారుకున్నారు. ఆ పక్కిల్లు ఆయన చెల్లెలిది.

చెల్లెలు అమాయకురాలేం కాదు.

"నేను వెళ్లిపోవడం నీకిష్టం లేదని నాకు తెలుసన్నయ్యా. కానీ మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మంచం దిగొద్దన్నారు. వాళ్లుండేది ఒక్క గది. ఇది అమ్మి అక్కడ రెండు గదులు కొంటే తప్ప నాకు కాలు పెట్టే చోటు లేదు. ఇవాళొచ్చేవాళ్లని కూడా తరిమావంటే ఊరుకోను."

"తరమడమేంటే? ఉన్నదున్నట్టు చెప్తున్నా."

"ఉన్నదాంట్లో సగమే చెప్తున్నావు."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. పైకి మాత్రం విననట్టే కుర్చీలు సర్దాడు.

వచ్చింది ఒక నర్సు, ఆమె భర్త. ఎప్పటిలాగే నవ్వారు. చెల్లెలు వెనక స్టవ్వు దగ్గర టీ కాస్తోంది.

"ఎవరు పడితే వాళ్లు వంటింట్లోకి వచ్చేస్తే ఎలాగండీ?" అన్నాడు భర్త. "ఈవిడకి నైట్ డ్యూటీలు, నేను సగం రోజులు క్యాంపులు. ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంటుంది."

అతని చూపు గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల మీదికి పోయింది. కండక్టరు గారు ఇంక నోరు విప్పకపోతే చాలు, చెల్లెలు ఇక్కడే ఉండిపోతుంది. చెల్లెలు ఆయన వైపు చూడలేదు. గిన్నెలో టీ మరిగిపోయినా గరిటె తిప్పుతూనే ఉంది. అది చూసి ఆయనకి తన మీద తనకే సిగ్గేసింది.

"ఇంకొంచెం ఉంది బాబూ, కూర్చో" అన్నాడు. "మా ఆవిడ పోయినప్పుడు నేను మంచం మీంచి లేవడం మానేశాను. ఇంకెక్కడైనా అయితే తలుపేసుకుని అలాగే పోయేవాణ్ణి. ఇక్కడ కుదర్లేదు. రోజూ పొద్దున్నే ఒకావిడ ఈ తలుపు తోసుకుని వచ్చేసేది. పిలవదు, తట్టదు. స్టవ్వు వెలిగించి, కావాలని గిన్నెలు దబదబా పడేసేది. ఆ చప్పుడుకి లేవక చస్తానా! లేచాక తినేదాకా కదిలేది కాదు. ఏడాది అలా చేసింది. నేను బతికానంటే అందుకే."

నర్సు ఆ తలుపు వంకే చూసింది.

"అత్తయ్యకి ఇలాంటి చోటే కావాలండీ" అంది భర్తతో. అతను తలూపాడు. ఆమె కండక్టరు గారి వైపు తిరిగింది. "ఆవిడ ఇంకా ఇక్కడే ఉన్నారా? అత్తయ్యని ఆవిడకి అప్పజెబితే నాకు బెంగుండదు."

కండక్టరు గారు స్టవ్వు వైపు చూశాడు.

"ఉండదమ్మా" అన్నాడు. "మీకు ఇల్లమ్ముతున్నది ఆవిడే."