స్క్రూ మీద ఎర్ర గీత

ఈ బెంచీ కాలు ఒకటి పొట్టి, కాగితం మడిచి పెడితే పోయేదానికి ఎవరూ పట్టించుకోరు, అయినా ఇప్పుడు నాకెందుకు బెంచీ గోల, లోపల విచారణ అధికారులు ముగ్గురూ టీ తాగుతున్నారు, అదయ్యాక మా బామ్మర్దిని పిలుస్తారు, నా పక్కనే కూర్చున్నాడు, చేతులు తొడల కింద పెట్టుకుని, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేలిపోతుంది, పన్నెండేళ్లుగా గురి తప్పని పోలీసు, బ్యాంకులో జనాన్ని బందీలుగా పట్టుకున్నవాడి మీద ఒక్కటంటే ఒక్క తూటా పేల్చాడు, అది జానెడు పక్కకు పోయి క్యాషియరమ్మ భుజం చీల్చింది, ఆవిడ ఇప్పటికీ తన తల తాను దువ్వుకోలేకపోతోందట, కూతురే దువ్వుతోందట, ఈ ముక్క నా చెవిన పడకుండా ఉంటే ఎంత బాగుండేది.

రైఫిలు మీద గురి చూసే స్కోపును పట్టి ఉంచే స్క్రూలు నాలుగు, ఎంత బిగువో చూపే కొలత పానాతో బిగించాక ఒక్కోదాని మీద సన్నగా ఎర్ర రంగు గీత గీయాలి, స్క్రూ కదిలితే గీత తెగి తెలిసిపోతుంది, ఇరవై ఏళ్లుగా పోలీసు ఆయుధాల గదిలో నా పని అదే, ఆ రోజు వీడి రైఫిలుకు మూడు బిగించాను, ఫోన్ మోగింది, మా ఆవిడ, వంటింట్లో కుళాయి కారుతోంది, వాషరు మార్చమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి అని, వస్తున్నానే తల్లీ అని నవ్వుతూ పానా పక్కన పెట్టి బ్రష్షు తీశాను, నాలుగింటి మీదా గీశాను, నాలుగోది వదులుగానే ఉండిపోయింది, పరీక్షలో గురి బాగానే కుదిరింది, బ్యాంకుకు వెళ్లే వ్యాను కుదుపులకు స్కోపు జరిగింది, తిరిగొచ్చిన రైఫిలును తనిఖీ చెయ్యమని మళ్లీ నాకే ఇచ్చారు, బోల్టు వెనక్కి లాగి ఖాళీయేనని చూసుకుని స్క్రూ మీద వేలు పెట్టాను, తిరిగింది, గీత తుడిచి, బిగించి, మళ్లీ గీసి, లోపం లేదు అని సంతకం పెట్టాను, తుపాకీలో లోపం లేదంటే ఇక ఎవరిలో ఉన్నట్టు, సిగ్గు లేని చెయ్యి, ఒక్క అక్షరం వంకర పోలేదు.

వీడేమో తన నెలల పాపను ఎత్తుకోవడం మానేశాడు, నా చెయ్యి నాకే నమ్మకం లేదక్కా అని మా ఆవిడ దగ్గర ఏడ్చాడట, ఆవిడ అది చెబుతుంటే నేను అన్నం కలుపుతూ కూర్చున్నాను, తుపాకీ మీద అనుమానంగా ఉంది బావా అని ఒక్కసారి అననీ, అప్పుడు ఒప్పేసుకుందాం అని రోజులు నెట్టాను, ఇప్పుడు నా వైపు వంగి మెల్లగా అంటున్నాడు, బావా, తుపాకీ గురించి అడుగుతారు, నువ్వేం కంగారు పడకు, అది మా బావ బిగించింది, తప్పు నా చేతిదే అని చెప్పేస్తాను, అదేమిటి, నాకు ధైర్యం చెబుతున్నాడా వీడు, నేను ఎదురుచూసిన ఆ ఒక్క మాట వీడు ఎప్పటికీ అనడు, నా చేతిని నమ్మడం కోసం తన చేతిని వదిలేసుకున్నాడు, తలుపు తెరిచి వాణ్ని పిలిచారు, నువ్వు కూర్చోరా, ముందు నేను వెళ్తాను.