రెండిట్లో నన్నే ఎంచుకున్నాడు

నేను ఒక కెమెరాను. ఫిల్ము రీళ్ల కాలం దాన్ని కాదు. డిజిటల్ ఎస్సెల్లార్ అంటారే, మెడలో వేసుకోగానే మనిషి నడకే మారిపోతుందే, ఆ జాతి. సముద్రాల అవతల, దుమ్ము జొరబడని ఒక పెద్ద గదిలో, ముక్కుకీ నోటికీ గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. వాళ్ల కళ్లు చూశాను గానీ మొహాలు చూడలేదు. అట్టపెట్టెలో ఓడెక్కి, ఎక్కడెక్కడో దిగి, చివరికి విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ దగ్గర ఒక షాపులో అద్దాల బీరువాకు చేరాను.

నా పక్కన ఇంకొకటి ఉండేది. వేరే కంపెనీ, ఇంచుమించు నా ఈడే. దాని వెనక తెర కిటికీ రెక్కలా తెరుచుకుని అటూ ఇటూ తిరిగేది. నాకా సోకు లేదు. వచ్చినవాళ్లందరూ మా ఇద్దర్నీ బయటికి తీయించి, పెళ్లిచూపుల్లో అక్కాచెల్లెళ్లను కూర్చోబెట్టినట్టు పక్కపక్కన పెట్టి చూసేవారు. ఇందులో మెగాపిక్సెళ్లు ఎన్ని, అందులో ఎన్ని అని అడిగేవారు. ఏం ఫొటోలు తీయాలనుకుంటున్నారో ఒక్కరూ చెప్పేవారు కాదు. ఒకాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి మెడలో వేసుకుని, ఎవరుంటే తాను గొప్పగా కనిపిస్తాడో అద్దంలో చూసుకుని, ఇంటికెళ్లి ఆలోచిస్తానని పోయాడు. మళ్లీ రాలేదు. ఎంచుకోవడంలో ఉన్న సంబరం మనుషులకు వాడుకోవడంలో ఉండదని ఆ బీరువాలోనే నాకు అర్థమైంది.

ఆ వేసవిలో రాజాం నుంచి తవిటినాయుడు, ఆయన భార్య నీలవేణి వచ్చారు. నాయుడికి రాజాంలో ఫొటో స్టూడియో. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరితే పురోహితుడి తర్వాత ఆయనకే కబురు వెళ్లేది. ఆయన ఫొటోలు తీస్తే నీలవేణి కంప్యూటర్లో చూసి, మంచివి ఏరి, ఆల్బం కట్టించేది. పాత కెమెరా మొరాయిస్తోందని కొత్తదాని కోసం బస్సెక్కి వచ్చారు.

నాయుడు అందరిలాంటివాడు కాదు. అంకెలేవీ అడగలేదు. మా ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని వెలుతురు కోసం గుమ్మం దగ్గరకు తీసుకెళ్లాడు. రోడ్డు అవతల చెరుకురసం బండి ఉంది. నన్ను కుడికంటికి పెట్టుకుని ఆ బండివాణ్ణి చూశాడు. తర్వాత ఎడమకంటికి పెట్టుకుని చూశాడు. ఆ రెండోదాన్నీ అలాగే పెట్టుకుని చూశాడు. మళ్లీ నన్ను, మళ్లీ దాన్ని. తర్వాత కళ్లు మూసుకుని, వేళ్లతో తడుముతూ మా మీటలన్నీ ఒక్కొక్కటే పోల్చుకున్నాడు. నిజంగా పనితనం తెలిసినవాడంటే వీడు, అనుకున్నాను.

"సార్, ఆ రెండోది తీసుకోండి," అంది షాపులో అమ్మాయి. "స్క్రీన్ తిరుగుతుంది. ఫొటో కూడా ఇంకాస్త షార్ప్‌గా వస్తుంది."

"నాకూ అదే బాగున్నాదండి," అంది నీలవేణి. "ఇందులో ఏటున్నాదని?"

నాయుడు ఆ మాట పట్టించుకోకుండా అమ్మాయిని అడిగాడు. "ఫోకస్ కుదిరితే రెండూ కూతేస్తాయా?"

"వేస్తాయి సార్. దానిది మెల్లగా ఉంటుంది. దీనిది గట్టిది. చిరాకని చాలామంది ఆపేసుకుంటారు."

"ఆపక్కర్నేదు," అన్నాడు నాయుడు. "ఇదే ఇయ్యండి. నాకిదే చేతికొచ్చింది."

ఆ క్షణం నా గర్వం చెప్పలేను. దాన్ని తిరిగి బీరువాలో పెడుతుంటే జాలి కూడా పడ్డాను. నాలోని గొప్పతనాన్ని ఇన్నాళ్లకు ఒక మనిషి గుర్తించాడనుకున్నాను.

స్టూడియోకు వచ్చిన మర్నాడే ఆ గర్వం దిగిపోయింది. నేను చూపే బొమ్మను కంటిచూపుకు తగ్గట్టు సరిచేసుకోవడానికి కన్ను ఆనించి చూసే నా కన్నం పక్కన చిన్న చక్రం ఒకటి ఉంటుంది. నీలవేణి లేనప్పుడు నాయుడు దాన్ని ఒక కొస దాకా తిప్పాడు. ఎదురుగా గోడ మీది క్యాలెండరు చూశాడు. రెండో కొస దాకా తిప్పాడు. మళ్లీ చూశాడు. ఆ తర్వాత నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

ఆయన కంటి వెనకపొర నడిమధ్యలో పాడైపోతోంది. చుట్టూ ఉన్నవి కనబడతాయి. సూటిగా దేన్ని చూస్తే అక్కడే మసక. కుడికన్ను అప్పటికే పోయినట్టే, ఎడమది దాని వెనకే వెళ్తోంది. దీనికి మందు లేదని డాక్టరు చెప్పాడు. పందిరి కనబడుతుంది, పందిట్లో జనం కనబడతారు, ఎవరి మొహం చూడబోతే ఆ మొహమే ఉండదు. బతుకంతా మొహాలు తీసినవాడికి వచ్చిన జబ్బు అది. భార్యకు కూడా చెప్పలేదు.

అందుకే ఆయనకు నా కూత కావలసి వచ్చింది. నన్ను మనుషుల వైపు తిప్పి మీట సగం నొక్కేవాడు. నేను కూయగానే పూర్తిగా నొక్కేవాడు. బారసాలలు, ఓణీల ఫంక్షన్లు అలాగే గడిచాయి. అలవాటైన చేతులు, అలవాటైన దూరాలు. కానీ ఒక సంగతి ఉంది. నేను కూశానంటే ఏదో ఒకటి నాకు స్పష్టంగా దొరికిందని మాత్రమే అర్థం. అది మనిషో, మనిషి వెనక గోడో, అది నా పని కాదు. అది చూసుకోవలసింది కన్ను.

మాఘమాసంలో అప్పలసూరి కూతురి పెళ్లి వచ్చింది. అప్పలసూరి జూట్‌మిల్లులో వయసంతా నార దుమ్ము పీల్చినవాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇంట్లోనే ఆక్సిజన్ సిలిండరు పెట్టించారు. ఆయన ఉండగానే అయిపోవాలని కూతురు హైమావతి పెళ్లి తొందరగా పెట్టుకున్నారు. వీడియో వద్దనుకున్నారు. అప్పటికింకా ఫోన్లలో ఫొటోలంటే మరకల్లాగే ఉండేవి.

పెళ్లిరోజు పొద్దున్న అప్పలసూరి నాయుణ్ణి దగ్గరకు పిలిచాడు. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"నాయుడూ, అందరివీ నీకెలా తోస్తే అలా తియ్యి. పిల్ల నాకాడికొచ్చి దండవెట్టినప్పుడు మాత్రం ఒకటి బాగా తియ్యరా. దగ్గొస్తే ఆగు. అందులో నాను రోగిష్టోడిలాగ ఉండకూడదు."

"అలాగే అన్నియ్యా," అన్నాడు నాయుడు.

తాళి కట్టడం అయ్యాక హైమావతి తండ్రి దగ్గరకు వచ్చింది. అప్పలసూరి ముక్కులోని గొట్టం తానే తీసి కుర్చీ వెనక్కి వేశాడు. వంగిన కూతుర్ని లేవనెత్తి పక్కన నిలబెట్టుకుని, ఊపిరి బిగబట్టి, నవ్వాడు. పోయే దీపం వెలిగినట్టు ఆ మొహం అంతా వెలిగింది. నాయుడు నన్ను ఎడమకంటికి పెట్టుకున్నాడు. ఆయనకు రెండు ఆకారాలు కనబడుతున్నాయి; వాటి నడుమ ఉన్న ఖాళీ కనబడటం లేదు. నా గురి సరిగ్గా ఆ ఖాళీలో పడింది. వెనక వేలాడుతున్న బంతిపూల తెర నాకు దొరికింది. కూశాను. ఆయన నొక్కాడు. "ఇంకొక్కటి అన్నియ్యా," అని మళ్లీ నొక్కాడు. మళ్లీ బంతిపూలే. నాకు నోరుంటే ఆ పందిరి అదిరిపోయేలా అరిచి ఉండేదాన్ని. నాకున్నది ఆ ఒక్క కూతే; అది 'సరిగ్గా ఉంది' అని తప్ప ఇంకేమీ చెప్పలేదు.

అప్పలసూరి దగ్గుతూ కుర్చీలో కూలబడ్డాడు. గొట్టం మళ్లీ పెట్టారు.

మర్నాడు నీలవేణి కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక్కో ఫొటో చూస్తూ పోయి, అక్కడ ఆగిపోయింది.

"ఏటండీ ఇది? తండ్రీకూతుళ్ల మొహాలు అలికేసినట్టున్నాయి. ఎనకాల బంతిపూలు రేకురేకూ కనబడుతున్నాయి."

నాయుడు నా అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

"మిమ్మల్నే. చూసుకోనేదా?"

"కనబడ్డం నేదే, వేణీ," అన్నాడు. "చాన్నాళ్లయింది."

ఆవిడ కుర్చీ వెనక్కి తిప్పింది. ఆయన డాక్టరు చెప్పినదంతా చెప్పాడు. ఆవిడ అంతా విని అడిగింది. "మరి ఆవేళ షాపులో గుమ్మంకాడ నిలబడి రెండు కెమెరాలూ అంతసేపు పోల్చి చూశారు కదండీ?"

"కెమెరాల్ని కాదే. నా కళ్లని పోల్చుకున్నాను. దేంట్లోంచైనా ఆ బండోడి మొకం కనబడుతుందేమోనని. రెండిట్లోనూ నేదు. మరి ఇది గట్టిగా పలుకుతాదంది ఆ పిల్ల. గుడ్డోడికి పలికేదే కావాల కదేటి."

నీలవేణి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయంత్రానికి ఆవిడే లేచింది. "పదండి. నానుంటాను పక్కన. ఇంకో ఫొటో తీద్దాం. ఆయనున్నాడు, పిల్లని పిలిపిద్దాం."

నన్ను సంచిలో పెట్టుకుని వెళ్లారు. అప్పలసూరి మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పెళ్లిలో పడిన శ్రమకు మనిషి సగమైపోయాడు. మమ్మల్ని చూడగానే చెయ్యెత్తాడు.

"ఫొటో తెచ్చినావేటి, నాయుడూ?"

"నేదన్నియ్యా. ఇంకోటి తీద్దామని... హైమ వొచ్చిందంటే..."

"ఇంకోటెందుకురా?" దగ్గు తగ్గేదాకా ఆగాడు. "ఈ మొకం వొద్దు. ఆవేళ నవ్వినాను. నా పెళ్లికి కూడా అలా నవ్వనేదు. అది సాలు. పెద్దది చేయించి పటం కట్టు. నాను పోయినాక గోడకి అదే ఎట్టమని పిల్లకి చెప్పేసినాను."

నీలవేణి భర్త వైపు చూసింది.

"బాగొచ్చినానా?" అని అడిగాడు అప్పలసూరి.

"బాగొచ్చినావన్నియ్యా."

సంచి జిప్పు తీయనేలేదు. దారి పొడుగునా నీలవేణి ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించింది. అంతకుముందు ఆయన అలా పట్టుకోనిచ్చేవాడు కాదు.

అప్పలసూరి ఆ వారమే పోయాడు. ఆ పటం తన ఇంటి గోడ మీద ఉంటుందన్న తృప్తితోనే పోయాడు. పెద్దకర్మ అయ్యాక హైమావతి స్టూడియోకు వచ్చింది. నాయుడు అబద్ధం చెప్పలేదు. కంప్యూటర్లో ఆ ఫొటో తెరిపించి, కళ్ల సంగతి చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"ఇందులో నాన్న ఏడీ?" అంది.

తెర మీద నుంచి తలెత్తి నాయుడి వైపు తిరిగింది.

"కనబడ్డం నేదని ముందే చెప్పుంటే ఇంకొకల్ని పిలుసుకుందుం కదా, బాబాయ్."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. ఆ పిల్ల ఫొటో తీసుకోకుండానే వెళ్లిపోయింది. మిల్లు గుర్తింపు కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించి దండ వేశారని తర్వాత నీలవేణి విని వచ్చింది. ఆ ఫొటోలో అప్పలసూరి మీసాల కుర్రాడు. అప్పటికి హైమావతి పుట్టనే లేదు.

నాయుడు మరి పెళ్లిళ్లు ఒప్పుకోలేదు. స్టూడియో సగంలో నీలవేణి జిరాక్సు మిషను పెట్టింది. లైట్లు, వాటికి పట్టే గొడుగులు, వెన్నెల సరస్సు బొమ్మ వేసిన తెర అన్నీ అటక ఎక్కాయి. నన్ను అమ్మేద్దామని ఆవిడ ఒకసారి అంది. ఆయన ఊ అనలేదు, ఉహూ అనలేదు. బీరువాలో దుప్పట్ల మధ్య పడి ఉన్నాను. వానాకాలం చెమ్మకు నా అద్దంలో బూజు పట్టింది. అది సాలెగూడులా లోపలికి పాకుతోంది. తుడిచేవాళ్లు లేరు.

మొన్న మధ్యాహ్నం, జిరాక్సులకు ఎవరూ రానివేళ, నాయుడు బీరువా తెరిచి తడుముకుంటూ నన్ను బయటికి తీశాడు. ఎడమకన్ను కూడా ఇప్పుడు పోయినట్టే.

"వేణీ, ఇలా వొచ్చి కూకో," అన్నాడు. "నీ ఫొటో ఒక్కటీ సరిగ్గా తీయనేదు ఇన్నాళ్లలో."

ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నా అడుగున బ్యాటరీ ఉండే అర తెరుచుకుని ఖాళీగా ఉండటం చూసింది. ఉబ్బిపోయిన బ్యాటరీని అవతల పారేసింది ఆవిడే. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, జుట్టు సర్దుకుని, పమిట సవరించుకుంది.

నాయుడి వేలు ఆ ఖాళీ అర అంచు మీదుగా వెళ్లి ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని వదిలి మీట వెతుక్కుంది.

"కదలకు," అన్నాడు.

ఆవిడ కదల్లేదు. ఆయన నొక్కాడు. నా లోపల ఏదీ కదల్లేదు.

"అయిందా?" అంది ఆవిడ.

"అయింది."

ఆవిడ అయినా కొంచెంసేపు అలాగే కూర్చుంది.