ఊటీకి బయల్దేరిన కుక్కర్

పెళ్లయిన ఇన్నేళ్లలో కృష్ణకుమారి తిరిగిన ఊళ్లు తక్కువేం కాదు. తిరుపతి చూసింది, షిర్డీ చూసింది, శ్రీశైలం, అన్నవరం, ఒకసారి మైసూరు కూడా చూసింది. చూసింది అనడం మర్యాద కోసం. ఏ ఊరి పేరెత్తినా ఆమెకు ముందు గుర్తొచ్చేది అక్కడ ఏ మూల కూర్చుని వండిందన్నదే. షిర్డీ అంటే లాడ్జి గదిలో టీవీ కింద బల్ల మీద ఉడికిన టమాటా పప్పు. మైసూరు అంటే బాత్‌రూం కుళాయి కింద కడిగిన బియ్యం. ప్యాలెస్‌కు దీపాలు వెలిగించిన సాయంత్రం తండ్రీకొడుకులు వెళ్లి చూసొచ్చి ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెబుతుంటే, ఆమె వాళ్లకు అన్నం వడ్డిస్తూ వింది.

ఈ పాపమంతా ఒక ఎలక్ట్రిక్ కుక్కర్‌ది. ఆ కుక్కర్ వెనకున్న మనిషి ఆమె భర్త బాలనర్సయ్య. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గరి గల్లీలో ఆయనకు పోచంపల్లి చీరల దుకాణం ఉంది. ఆయన చెడ్డవాడు కాదు, పిసినారి అంతకన్నా కాదు. దుకాణానికి వచ్చినవాళ్లకు చాయ్ తాగించందే పంపడు. బయటి తిండి అనే మాట వినబడితే మాత్రం కడుపు పట్టుకుంటాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో హోటళ్లకేం కరువని మీరడగొచ్చు. ఇంట్లో పొయ్యి ఉండగా హోటల్ ఎందుకని ఆయన అడుగుతాడు. ఇల్లు లేని ఊరికి పోతే, పొయ్యిని వెంట తీసుకుపోతాడు.

"నీ చేతి అన్నం తప్ప నాకు లోపలికి దిగదే" అంటాడు, అదీ నలుగురు చుట్టాలున్నప్పుడు. విన్నవాళ్లంతా కృష్ణకుమారిని అదృష్టవంతురాలిని చూసినట్టు చూస్తారు. ఆ మెచ్చుకోలు విని విని ఆమెకు విసుగొచ్చేసింది. తిట్టేవాడితో గొడవ పడొచ్చు, మెచ్చుకునేవాడితో ఏమని పడుతుంది?

ఈ ఎండాకాలం ఊటీ అనుకున్నారు. కొడుకు శ్రీధర్ ఎల్బీనగర్ నుంచి బస్సుకు టికెట్లు తీశాడు, లాడ్జి కూడా చూశాడు. ఆ సంగతి పై పోర్షన్‌లో కిరాయికుండే అమలకు తెలిసి ఆ పిల్ల మెట్లు దిగి పరుగున వచ్చింది. అమలది ఊటీ పక్కన కూనూరు. ఇక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేస్తూ, రోగులతో మాట్లాడి మాట్లాడి తెలుగు నేర్చుకుంది. తన ఊరివైపు ఎవరైనా పోతున్నారంటే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"ఆంటీ, లేక్ దగ్గర ఫోటోలు దిగండి, తినొద్దు. అక్కడ అన్నీ వచ్చిపోయేవాళ్ల కోసం చేస్తారు, వాళ్లు మళ్లీ రారు గదా, ఎట్ల చేసినా నడుస్తది" అంది వంటింటి గట్టు మీద కూర్చుని. "తెలుగు భోజనం అని బోర్డులుంటయి. మీరు లోపలికి పోవద్దు. గంత దూరం పోయి పప్పు తింటారా?"

కృష్ణకుమారి చేతిలోని చింతపండు పక్కన పెట్టింది.

అమల చెబుతూ పోయింది. మార్కెట్ వెనక ఇరుకు సందులో ఒక మెస్ ఉంటుంది, కూరగాయల మూటలు దించేవాళ్లు తింటారక్కడ. మధ్యాహ్నం జనం ముసరకముందే పోవాలి. అనపగింజలు, ఆలుగడ్డ వేసి కొండ మీదివాళ్లు చేసే కూరొకటి ఉంటుంది, అడిగితేనే పెడతారు. రసం గ్లాసులో పోసిస్తారు, చలికి చేతులు వెచ్చబెట్టుకుంటూ తాగొచ్చు. ఆదివారం మాత్రం మూసేస్తారు. చాక్లెట్లు రోడ్డు మీద చెయ్యిపట్టి లాగేవాళ్ల దగ్గర కొనొద్దు, పాత బేకరీల్లో కొనాలి. సాయంత్రం మంచు దిగేటప్పుడు బస్టాండ్ దగ్గర టీ కొట్టులో వర్కీ బిస్కెట్లు అడగాలి. పొరలుపొరలుగా గట్టిగా ఉంటుంది, టీలో ముంచితే నోట్లో కరిగిపోతుంది.

"ఒట్టిగా కొరికితే పన్ను పోతది ఆంటీ. నిదానంగా కూర్చుని తినండి. అక్కడ ఎవరూ తొందరపెట్టరు."

నిదానంగా కూర్చుని. ఆ మాట దగ్గరే కృష్ణకుమారి మనసు చిక్కుకుపోయింది. ఆమెకు కావలసింది వర్కీ కాదు, అనపగింజల కూరా కాదు. ఒక బల్ల ముందు కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి ఏం కావాలమ్మా అని అడగాలి. ఆమె ఆలోచించి చెప్పాలి. వాళ్లు తెచ్చిపెడితే వేడివేడిగా తిని, కంచం అక్కడే వదిలేసి లేచి రావాలి. అంతే. బాలనర్సయ్య దుకాణంలో పొద్దున్నించి రాత్రిదాకా వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఏం గావాలమ్మా అనే అడుగుతాడు, చెప్పకపోతే చెప్పేదాకా చీరలు పరుస్తూనే ఉంటాడు. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న ఆయనకు గుర్తుండదు.

ఆ రాత్రే భోజనాల దగ్గర కదిపి చూసింది.

"అమల మంచి మంచి జాగలు చెప్పింది. ఊటీల ఒకటి రెండు పూటలు బయట తిందామా?"

"గా పిల్ల ఒక్కతే ఉంటది, ఏదన్న తింటది. మనకట్ల పడుతదా?" అని బాలనర్సయ్య టీవీ చప్పుడు పెంచాడు. "కొత్త ఆవకాయ పెట్టినవ్ గద, గది పెట్టుకో. జర కందిపొడి గూడ కొట్టు."

శ్రీధర్ ఫోనులోంచి తలెత్తకుండా పులిహోర పేస్టు కూడా పెట్టమన్నాడు.

ఆవకాయ పెట్టింది, కందిపొడి కొట్టింది, చింతపండు పులుసు ఉడికించి సీసాకెత్తింది. సన్నబియ్యం సంచిలో పోసి మూతి కుట్టింది. చేస్తున్నంతసేపూ ఒళ్లు మండుతూనే ఉంది. మిరపకాయలు వేయిస్తే ఇల్లంతా ఘాటెక్కి తండ్రీకొడుకులు దగ్గుకుంటూ బయటికి పోతే, కాసేపు హాయిగా అనిపించింది కూడా.

ప్రయాణం రోజు మధ్యాహ్నం ఇద్దరూ ఇంట్లో లేనప్పుడు కుక్కర్‌ను చీర కొంగు కింద పెట్టుకుని దొంగలా మెట్లెక్కింది.

"వారం రోజులు నీ దగ్గర ఉంచు బిడ్డా" అంది.

అమల దాన్ని మంచం కిందికి తోసి, పైన బకెట్ బోర్లించింది. కృష్ణకుమారి కిందికొచ్చి కుక్కర్ సంచిలో రెండు దుప్పట్లు కుక్కి జిప్పు లాగేసింది.

సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో మెట్రో స్తంభాల పక్కన సామాన్లతో నిలబడ్డారు. విజయవాడ వైపు పోయే బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి జనాన్ని ఎక్కించుకుని పోతున్నాయి. ఊటీ బస్సు ఆలస్యమని మెసేజ్ వచ్చింది. బాలనర్సయ్యకు ఊరికే నిలబడడం చేతకాదు కదా, సంచులన్నీ ఒత్తి చూడడం మొదలుపెట్టాడు.

"ఏమే, గీ సంచి మెత్తగున్నదేంది?"

"దుప్పట్లు. ఊటీల చలి ఎక్కువంట."

"మరి కుక్కర్?"

"అయ్యో, మర్చిపోయినట్టున్న" అంది కృష్ణకుమారి. ఈ మాట ఆమె మధ్యాహ్నం నుంచి మనసులో అని చూసుకుంటూనే ఉంది.

ఆయన అరుస్తాడనుకుంది. అరిస్తే ఓర్చుకుందామనుకుంది. అరిచి అరిచి చివరికి సరేలే బయటనే తిందాం అనక ఏం చేస్తాడు? శ్రీధరే ముందుగా ఆ మాట అన్నాడు.

"పోనీలే నాన్న, అక్కడ హోటళ్లు లేవా."

"ఊకోరా. హోటల్ తిండి తిని మీ అమ్మకు ఏమన్నయితే ఎట్ల" అన్నాడు బాలనర్సయ్య. భార్య భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు పరేషాన్ కాకు. మనిషన్నంక మరుపుంటది. ఇప్పుడే వస్త."

"నాకేం పరేషాన్ లేదు, నిలవడుండ్రి" అని ఆమె అంటూనే ఉంది. ఆయన అప్పటికే ఆటోలో కూర్చున్నాడు.

ఇంట్లో గ్యాస్ స్టవ్‌కు ఒక బర్నర్ పాడై నెలలైంది. మెకానిక్‌ను పిలవమని ఆమె ఎన్నిసార్లు చెప్పినా రేపు, ఎల్లుండి అంటాడు. ఆ మనిషే ఇప్పుడు యాభై దాటిన మోకాళ్లతో ఆటోలోకి ఒక్క గెంతు గెంతాడు. అది చూసి కృష్ణకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. కోప్పడ్డా బాగుండేది. ఈ ప్రేమను ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆయన రాకముందే బస్సు రావాలని దేవుళ్లందరికీ మొక్కింది, బస్సు లైట్లు కనబడగానే ఆయన ఇంకా రాలేదే అని మళ్లీ ఆమే కంగారుపడింది.

బస్సూ ఆటో ఒకేసారి వచ్చాయి. బాలనర్సయ్య కొత్త కుక్కర్ డబ్బా చేతుల్లో పట్టుకుని, చెమటలు కక్కుతూ, నవ్వుతూ దిగాడు.

"పాతదాని కంటె పెద్దది. ఇడ్లీ ప్లేట్లు గూడ వచ్చినయ్ దీంట్ల. పొద్దుగాల బ్రెడ్డు, అరటిపండ్లు తిని ఎల్లదీసుడు ఉండదు ఇగ. గిదిగో, రవ్వ గూడ తెచ్చిన."

"సూపర్ నాన్న" అన్నాడు శ్రీధర్. వాడి హోటల్ ముచ్చట అంతటితో సరి.

ఇన్నాళ్లూ ఏ ఊరెళ్లినా పొద్దుటి పూట ఒక్కటే ఆమెకు తెరిపి ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

"నేను ఒండను" అంది కృష్ణకుమారి.

బాలనర్సయ్య సరిగా వినలేదనుకుని చెవి ముందుకు పెట్టాడు.

"ఊటీల నేను ఒండను. కుక్కర్ మర్చిపోలే. కావాలనే అమల దగ్గర దాచిపెట్టొచ్చిన."

"ఎందుకే?"

"ఒక్కపారన్న కూసొని తినాలని. మీ దుకాణంకొచ్చినోళ్లందరిని ఏం గావాలమ్మా అని అడుగుతరు. నన్నెవరన్న అట్ల అడుగుతే చెప్పి, వాళ్లు తెచ్చిపెడితే తిందామని." ఎక్కేవాళ్లు ఆగి చూస్తున్నారు, అయినా ఆపలేదు. "షిర్డీల ఒండిన. మైసూర్ల ఒండిన. దేవుని కాడికి పోయినా ఒండుడే, గుట్ట మీదికి పోయినా ఒండుడేనా?"

"గంతేనా? ముందుగాల చెప్పాలె గద."

"చెప్పిన. మీరు టీవీ సప్పుడు పెంచిన్రు."

ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఇంత చిన్న ముచ్చట కోసం నడిరోడ్డు మీద ఏడవాల్సి వచ్చిందని ఇంకా కోపంగానే ఉంది. కాసేపటికి బాలనర్సయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. డబ్బా సామాన్లలో వేయనియ్యకుండా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

బస్సు సాగర్ రింగు రోడ్డు దాటింది.

"మరి దీన్నేం చెయ్యాలె?" అన్నాడు మెల్లగా.

"తెచ్చింది మీరు, మీరే ఒండుకోండ్రి. నేను అమల చెప్పిన కాడ తింట. వస్తే రాండ్రి, రాకుంటే మీ ఇష్టం."

ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. బొమ్మలో తెల్లటి అన్నం పొగలు కక్కుతోంది.

"గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని పొయ్యాలె?"

జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చేసింది. పెదవులు బిగించి మింగేసింది.

"నాకు తెల్వదు."

వెనక సీట్లో శ్రీధర్ కిసుక్కున నవ్వాడు. కృష్ణకుమారి వెనక్కి తిరిగింది.

"నవ్వుతవేందిరా? రేపు గా అన్నం తినేటోనివి నువ్వే గద."