ఎడమ పగ్గం

మా కొట్టంలో నడిమి దూలం మీద పేర్లుంటాయి. కాల్చిన ఇనుముతో వేసినవి. మా యూనివర్సిటీ పెద్ద భవనంలో ఇంకో వరస ఉంది, అద్దాల వెనక ఫోటోలు. ఒక గవర్నరు, అంతరిక్షానికి వెళ్ళొచ్చిన ఇద్దరు, ఓ సినిమా నటుడు, సైన్యంలో పెద్ద పదవి చేసినాయన. చూడవచ్చినవాళ్ళకు ముందు ఆ ఫోటోలే చూపిస్తారు. దూలం మీద పేరున్నవాళ్ళు మటుకు చాలామంది చదువైపోయాక గోధుమ పొలాలకే తిరిగి పోయారు. రెండు చోట్లా ఉన్నవాళ్ళు తక్కువ.

ఫుట్‌బాల్ ఆట మొదలయ్యే ముందు మేజర్‌ను మైదానం చుట్టూ పరుగెత్తించడం మా దగ్గర ఆచారం. మేజర్ అంటే ఎద్దు. ఎద్దు చచ్చినా పేరు చావదు, తర్వాత వచ్చినదీ మేజరే. తలకు తోలుపట్టా, దానికి రెండు పక్కలా రెండు పగ్గాలు, వెనక నడుం పట్టాకు ఇంకో రెండు. నలుగురు విద్యార్థులు పట్టుకుంటారు. పగ్గం వదలకుండా చుట్టు పూర్తిచేస్తే ముందు పగ్గాలవాళ్ళ పేర్లు ఆ సాయంత్రం దూలం మీద పడతాయి. వదిలితే పడవు. వదిలిన చెయ్యికి మళ్ళీ పగ్గం ఇవ్వరు. ఎవరు పెట్టారో ఆ రూలు, మా నాయన హ్యూబర్ట్ ఆ కొట్టంలో పనికి చేరేనాటికే ఉంది. ఆయన తర్వాత ఎద్దును నేనే చూస్తున్నాను.

ఆ ఏడు పాత విద్యార్థులు తిరిగొచ్చే శనివారానికి డాక్టర్ ఎల్డా క్రౌస్ వస్తున్నారన్నారు. పసిపిల్లల గుండె ఆపరేషన్లలో ఆవిడ పేరు తెలియని ఊరు లేదు. అద్దాల వెనక ఆవిడ ఫోటో ఎప్పటినుంచో ఉంది. కొత్త ఆస్పత్రి భవనానికి ఆవిడ పేరు పెడతామని యూనివర్సిటీ ప్రెసిడెంట్ ప్రెంటిస్ ఏళ్ళ తరబడి పిలుస్తున్నాడు. ఆవిడ రాలేదు. చివరికి ఒకటే అడిగిందట. భవనం మీ ఇష్టం, నాకు మాత్రం ఎడమ పగ్గం కావాలి, అని. ఒకప్పుడు పట్టినవాళ్ళయితే ఆ శనివారం మళ్ళీ పట్టడం ఉంది. ఆవిడ ఎన్నడూ పట్టలేదు. అయినా ప్రెంటిస్ ఒప్పుకున్నాడు. డెబ్భై అయిదేళ్ళ మనిషికి.

శుక్రవారం పొద్దున కొట్టానికి వచ్చింది. సన్నని మనిషి, తెల్ల జుట్టు కత్తిరించుకుని, మోకాళ్ళ దాకా బూట్లు. నన్ను చూసి ఆగింది.

"హ్యూబర్ట్ కొడుకువి కదూ? అవే చెవులు."

"అవునమ్మా. వెండెల్."

"మీ నాయన నన్ను ఈ గుమ్మంలోంచే వెనక్కి పంపాడు. తెలుసా?"

"విన్నాను."

"ఏమని విన్నావ్?"

"పశువు దగ్గర మీ చెయ్యి మంచిదనేవాడు."

"అది నేను పోయాక అనుంటాడు. నా మొహాన అన్నది వేరు. 'ఆడపిల్లవి, బెదిరితే వదిలేస్తావ్' అన్నాడు. ఇంట్లో నలభై పశువుల్ని మేపి వచ్చినదాన్ని. ఒక్కసారి ఇచ్చి చూడమన్నా. ఇవ్వలేదు." నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. "యాభై ఏళ్ళు దాటింది వెండెల్. ఎన్ని మెడల్సు వేశారో మెడలో. ఆ మాట మాత్రం దిగలేదు."

నేను మేజర్ ఉన్న గది తలుపు తీశాను.

మేజర్ ఎర్ర ఒళ్ళు, తెల్ల మొహం. వయసు ఎద్దు, ఆ శరత్తులోనే కొత్తగా వచ్చింది. మనుషుల్ని ఏమీ అనదు. చప్పుడు మాత్రం దానికి పడదు. డాక్టరమ్మ అరచెయ్యి దాని ముక్కుకు అందించి, వాసన చూడనిచ్చి, దవడ కింద గోకింది. ఎద్దు మెడ చాచింది. నేను ఆవిడ నడక చూస్తున్నాను.

"మోకాళ్ళెలా ఉన్నాయమ్మా?"

"ఒకటి నాది, ఒకటి ఆపరేషన్‌లో పెట్టిన కంపెనీది. కంపెనీదే నయం."

"రేపు పరుగొద్దు. నడిపిద్దాం."

"నడిచే ఎద్దును చూడ్డానికి టికెట్టు కొంటారటయ్యా ఎవరైనా?"

అప్పటికి పిల్లలొచ్చారు. వెనక పగ్గాలకు టకర్, ఇంకో కుర్రాడు. కుడి పగ్గానికి మారిట్ హౌగెన్. చక్కెర దుంపలు పండించే ఇంటి పిల్ల, పొట్టిది, మాట తక్కువ, గోళ్ళు కొరుకుతుంది. ముందు పగ్గం పట్టడం ఆమెకు అదే మొదలు.

టకర్ ఊరుకోడు. "మారిట్, రేపు నువ్వు ఎద్దును లాగుతావా, ఎద్దు నిన్ను లాగుతుందా?"

"నీ నోటికీ పట్టా వేస్తే రెండెద్దుల్నీ లాగుతా."

"ఇప్పుడిలాగే అంటావ్. ఆడోళ్ళు అంత దూరం పట్టుకుంటారా, దారిలోనే..."

"నేను వదల్ను," అంది మారిట్. గొంతు పెంచలేదు. డాక్టరమ్మ ఆ పిల్లకేసి చూసి, చాలాసేపు చూపు తిప్పుకోలేదు.

వెనకున్న దొడ్లో తిప్పాం. రెండో చుట్టులో డాక్టరమ్మ సొంత మోకాలు కాస్త లొంగింది. ఎడమ పగ్గం వదులైంది. అంతే, మేజర్ తల కుడికి తిప్పి మారిట్ మీదికి ఒరిగింది. పిల్ల కాలు తీసుకోకపోతే గిట్ట పడేదే.

"రెండూ బిగువుగా ఉంటే ఎద్దు ముక్కుసూటిగా పోతుంది," అన్నాను. "ఒకటి సడలితే రెండోవైపు తిరుగుతుంది. చూశారుగా. ఇంకొకటి, పగ్గం చేతికి చుట్టుకోవద్దు. ఎవరూ. పిడికిట్లో పట్టడమే."

అందరూ తలూపారు. ఎప్పుడూ ఊపుతారు.

మధ్యాహ్నం ఫిరంగి కుర్రాళ్ళ దగ్గరికి పోయాను. మైదానం మూల పాత ఫిరంగి ఒకటుంది. మనవాళ్ళు గోల్ చేస్తే పేలుస్తారు. పేరు మోసిన పాత విద్యార్థి మైదానంలోకి వచ్చినపుడు, పేరు చదవగానే ఒకటి పేలుస్తారు. గుండుండదు, ఉత్త మందే. చప్పుడు మాత్రం కిటికీలు అదిరేటట్టు ఉంటుంది.

"రేపు డాక్టరమ్మ పేరు సగం ఆటయ్యాక, విరామంలో చదువుతారు. అప్పుడు పేల్చుకోండి," అన్నాను. "ఎద్దు మైదానంలో ఉండగా నిప్పు లేదు."

వాళ్ళ నాయకుడు బెక్‌మన్ చిల్లీ అనే మాంసం పులుసు గిన్నెలో దాల్చినచెక్క రొట్టె ముంచుకు తింటున్నాడు. "సరే వెండెల్. మాకు తెలీదా?"

"తెలుసు. మళ్ళీ చెప్తున్నా."

శనివారం గాలి ఉత్తరం నుంచి కొట్టింది. సొరంగం దారిలో నిలబడితే ఆ చివర వెలుగు, జనం హోరు. మేజర్ చెవులు ముందుకూ వెనక్కీ ఆడుతున్నాయి. నలుగురికీ పసుపు కోట్లు, పెద్ద సైజువి, చేతులు వేళ్ళదాకా వచ్చాయి. మారిట్ పెదాలు తెల్లబడ్డాయి.

"ఊపిరి తీసుకో అమ్మాయ్," అంది డాక్టరమ్మ ఎద్దు మెడ మీదుగా.

"తీసుకుంటున్నా."

"లేదు, బిగబట్టావ్. నేను డాక్టర్ని, నాకు తెలుసు."

ఆ పిల్ల మొదటిసారి నవ్వింది.

నేను ఎప్పటిలాగే మైదానం అంచు వెంట, వాళ్ళకు సమంగా పరుగెత్తాలి. గేటు తీశారు. మేజర్ ముందడుగు వేసింది, ఆ తర్వాత దుడుకు నడక, ఆ తర్వాత పరుగు. డాక్టరమ్మ తల నిటారుగా పెట్టి, మోచేయి పక్కటెముకలకు ఆనించి పరుగెత్తుతోంది. మోకాలు వంగలేదు. జనం ముందు మామూలుగా అరిచారు. తెల్ల జుట్టు కనిపించాక ఆ అరుపు మారింది. మెట్ల మీద ఒక్కో వరసా లేచి నిలబడుతూ వచ్చింది.

అదే మమ్మల్ని ముంచింది. ప్రెంటిస్ పైన అద్దాల గదిలో ఉన్నాడు. అంత జనం లేవడం చూసి ఆయన మనసు ఆగలేదు కాబోలు, సగం ఆట దాకా ఉండలేక మైకు తీసుకున్నాడు. "మన డాక్టర్ ఎల్డా క్రౌస్!" అన్నాడు.

ఫిరంగి దగ్గర బెక్‌మన్‌కు నా మాట గుర్తుందో లేదో. పేరు వినగానే ఫిరంగి పేల్చే తాడు లాగడమే ఏళ్ళుగా ఆ చేతులకు అలవాటు. తాడు పట్టుకున్నవాడు లాగాడు.

చప్పుడు నా పళ్ళలో తగిలింది. మేజర్ నాలుగు కాళ్ళూ ఒక్కసారి నేల విడిచి దిగింది. వెనక పగ్గాలవాళ్ళిద్దరూ దొర్లిపోయారు. ఎద్దు తల వంచి దూకుడందుకుంది.

ఎదర మైదానం చివర బ్యాండు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఇత్తడి బూరలు, డోళ్ళు, ముందు నడుమెత్తు ఇనుప కమ్మీ. కదలడానికి చోటు లేదు. రెండు పక్కలా రెండు పగ్గాలూ బిగుసుకుని ఉన్నాయి. ఎద్దు గీత గీసినట్టు వాళ్ళ మీదికే పోతోంది.

"మారిట్, వదిలెయ్!" అని అరిచాను. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు.

మారిట్ పడింది. పడీ వదల్లేదు. గడ్డి మీద బోర్లా ఈడ్చుకుపోతోంది, వెనక గిట్టలకు జానెడు దూరంలో. కోటు చెయ్యి పైకి లేచిపోయింది. అప్పుడు చూశాను. పగ్గం మణికట్టు చుట్టూ రెండు చుట్లు తిరిగి ఉంది. వదలకూడదని చుట్టుకుంది. ఇప్పుడు వదలాలన్నా రాదు.

నేను పరుగెత్తుతూనే ఉన్నాను. అందనని తెలుసు.

డాక్టరమ్మ ఇంకా కాళ్ళ మీదే ఉంది. ఎలా ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. మడమలు గడ్డిలో దిగేసి, వెనక్కి వాలి, రెండు చేతులతో పట్టి లాగుతోంది. ఆవిడ తల ఎద్దు వెన్ను మీదుగా అటు తిరిగింది. ఆ పిల్ల చేతిని చూసింది. తర్వాత ఎదర బ్యాండుకేసి చూసింది. తర్వాత తన పిడికిళ్ళకేసి. ఆ చివరి చూపు చాలాసేపు ఉన్నట్టు నాకనిపించింది. ఉండి ఉండదు.

వదిలేసింది.

జారిపోలేదు. వేళ్ళు పదీ విచ్చుకోవడం నేను చూశాను. చేతులు రెండూ పక్కకు తెరిచేసింది. తాడు ఎగిరి ఎద్దు మెడ మీద పడింది, ఆవిడ వెల్లకిలా పడింది.

ఇక ఎద్దుకు మిగిలింది కుడి పక్కన మారిట్ బరువొక్కటే. తల ఆ వైపు లాగేసింది. కమ్మీ ఇంక నాలుగు అంగల దూరం ఉందనగా మేజర్ కుడికి విరిగి, పడి ఉన్న పిల్ల చుట్టూ గుండ్రంగా తిరిగింది. పగ్గం సడలింది. మారిట్ మరో చేత్తో చుట్లు ఊడదీసుకుని దొర్లింది. ఎద్దు ఇంకో అరచుట్టు తిరిగేసరికి నేను అందుకుని తోలుపట్టా పట్టుకున్నాను. దాని ఒళ్ళంతా వణుకుతోంది.

స్టేడియం అంతా చప్పుడు లేదు. డాక్టరమ్మ తనంతట తనే లేచి కూర్చుంది. మారిట్ దగ్గరికి మోకాళ్ళ మీద పోయి మణికట్టు పట్టి చూసింది. అప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ముసలివాళ్ళు పడి లేస్తే కొడతారే, ఆ చప్పట్లు. నేను ఎద్దును సొరంగంలోకి తీసుకుపోతుంటే మెట్ల మీద ఒకాయన పక్కవాడితో అనడం వినపడింది.

"పాపం, పట్టు నిలవలేదు. ఈ వయసులో ఎందుకు ఇస్తారో."

"ఆవిడే అడిగిందట."

"అడిగితే మాత్రం?"

సాయంత్రం కొట్టంలో పొయ్యి రాజేసి ఇనుము పెట్టాను. ఆట గెలిచాం, ఎవరికీ ఆ ఊసే లేదు. మారిట్ చేతికి కట్టు కట్టారు. టకర్ నోరు మూసుకుని ఓ మూల నిలబడ్డాడు. ప్రెంటిస్ వచ్చాడు, మొహం పాలిపోయి ఉంది.

"ఎల్డా, తప్పు నాది. ఏం చెయ్యమంటావో చెప్పు. దూలం మీద నీ పేరు వేయిస్తాను. ఎవడు కాదంటాడో చూస్తా."

"నేను కాదంటాను," అంది డాక్టరమ్మ. గడ్డిమోపు మీద కాలు చాచుకుని కూర్చుంది, మోకాలికి మంచు సంచీ. "రూలేంటి వెండెల్?"

"వదలకపోతే పేరు."

"నేను వదిలానా?"

నేను పొయ్యిలోకి చూశాను. "వదిలారు."

"ఆ పిల్ల వదిలిందా?"

"లేదు."

మారిట్ గబుక్కున అంది, "వద్దు! నేను వదలకపోవడం కాదు, నాకు చేత కాలేదు. చుట్టుకున్నా. వెండెల్ వద్దన్నా చుట్టుకున్నా. ఆడపిల్ల వదిలేసింది అంటారని..." మిగతాది మింగేసింది.

డాక్టరమ్మ ఆ పిల్లను చూసింది. శుక్రవారం చూసిన చూపే.

"ఇలా రా. ఇంకెప్పుడూ చుట్టుకోకు. తెలిసిందా? వేళ్ళు పోతాయి. నీకు వేళ్ళతో పనుంది." తర్వాత నా వైపు చెయ్యి చాచింది. "ఆ ఇనుమివ్వు. దీనికి చెయ్యి బాగోలేదు, నేను వేస్తాను. పేరు చెప్పమ్మాయ్, అక్షరం అక్షరం."

నిచ్చెన పట్టుకున్నాను. కంపెనీ మోకాలి మీద బరువేసి ఎక్కింది. కాలిన కర్ర వాసన వచ్చింది. ఆవిడ చెయ్యి ఎక్కడా వణకలేదు. ఆపరేషన్లు చేసిన చెయ్యి కదా. మారిట్ ఏడుస్తూ అక్షరాలు చెప్పింది.

దిగాక ఇనుము నాకిచ్చి, దూలం కేసి చూస్తూ నిలబడింది.

"చివరికి మీ నాయన మాటే నిజమైంది వెండెల్," అంది. "వదిలేశాను."

ఈసారి నవ్వు కళ్ళదాకా పోయింది. నేను ఇనుమును నీళ్ళలో ముంచాను. మా ఇంట్లో మాటలు తక్కువ.

మర్నాడు పొద్దున విమానానికి పోతూ కొట్టం దగ్గర కారు ఆపించింది. నేను ఎద్దును నీళ్ళకు తోలుకెళ్ళబోతుంటే తోడు వస్తానంది. మేజర్ తలకు పట్టా తగిలించి ఎడమ పగ్గం ఆవిడకిచ్చాను. వదిలిన చెయ్యికి మళ్ళీ పగ్గం ఇవ్వరని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు. తాడుకేసి ఓసారి, నాకేసి ఓసారి చూసి తీసుకుంది.

తొట్టి దాకా ఇద్దరం నడిచాం. కుడి పగ్గం ఎద్దు మెడ మీదే ఉంచేశాను. దాంతో పని పడలేదు.